అమ్మమ్మ ముఖం

ఆగస్టు 9

మాధవరంలో తమ్ముడి ఇంటికి వెళ్ళొచ్చాను. అమ్మ బాగానే ఉంది. బాగానే అంటే తింటోంది, నడుస్తోంది, పాలు పోసే మాదయ్యను పేరు పెట్టి పిలిచి మరీ తిడుతోంది. నన్ను మాత్రం గుర్తుపట్టలేదు.

నేను గేటు తీయగానే అరుగు మీద నుంచి లేచి చప్పట్లు కొట్టింది. "జయంతీ! మా అమ్మ వచ్చింది! చూడు, మా అమ్మ వచ్చింది!" పోయిన దీపావళి తర్వాత మొదలైంది ఈ తంతు. తమ్ముడు శివరామ్ తెలుసు. వాడి పెళ్ళాం జయంతి తెలుసు. కన్నకూతుర్ని, యాభై ఎనిమిదేళ్ళదాన్ని, నన్ను పట్టుకుని తన తల్లిని చేసి కూర్చోబెట్టింది.

"నేను పుష్పనమ్మా. నీ కూతురు పుష్పవల్లిని" అన్నాను. ఎప్పట్లాగే నవ్వింది. దిండు గలీబులో చెయ్యి పెట్టి నా పాత ఫోటో తీసింది. మా అమ్మాయి అక్షయ పుట్టిన ఏడాది రాయపురం స్టూడియోలో తీయించుకున్నది. అప్పుడు నాకు ముప్పయ్యేళ్ళు.

"ఇదిగోమ్మా, పుష్ప ఇదీ. ఈమధ్య ఈడికి రావడమే లేదు. దానికి నామీద ఏమన్నా కోపమేమో, నువ్వడుగు" అంది నాతో.

అడుగుతానన్నాను.

అన్నం నేనే కలిపాను. అమ్మకు అన్నం పళ్ళెంలో పెట్టకూడదు. ముద్ద చేసి అరచేతిలో పెట్టాలి, మధ్యలో వేలితో గుంట చేసి అందులో పులుసు పోయాలి. వాళ్ళమ్మ అలా పెట్టేదట. జయంతి పెడితే రెండు ముద్దలకే మూతి తిప్పుకుంటుంది. నా చేత్తో అయితే చెయ్యి చాపి చాపి తింటుంది. తర్వాత నేను ముక్కాలిపీట మీద కూర్చుంటే తను కింద చాప మీద కూర్చుని నా మోకాళ్ళకు వీపు ఆనించుకుంది. నూనె రాసి, చిక్కు తీసి, ముడి వేశాను. అంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది.

బస్సులో ఏడుపొచ్చింది. పక్క సీటులో పూలబుట్ట ఆవిడ నన్నే చూస్తోంది. చూస్తే చూసుకోనీ.

ఆగస్టు 10

ఆయన దుకాణానికి దిగాక బీరువాలోంచి అమ్మమ్మ ఫోటో తీశాను. మంగతాయారమ్మ. నాకు అయిదేళ్ళప్పుడు పోయింది. ఫోటోను అద్దం పక్కన నిలబెట్టి రెండూ చూశాను.

నోటి పక్క గీతలు అవే. దవడ కింద జారిన సంచులు అవే. కళ్ళ మీదికి వాలిన రెప్పలు కూడా అవే. అమ్మ తప్పేమీ లేదు. ఫోటోలో అమ్మమ్మ, అద్దంలోనూ అమ్మమ్మే. మరి పుష్పవల్లి ఏ గంగలో కలిసింది?

ఆగస్టు 21

హేమమాలిని వదిన వచ్చింది. ఆయన పెదనాన్న కూతురు. కోడంబాక్కంలో ఉంటుంది, సీరియళ్ళలో అత్తగారి వేషాలు వేస్తుంది. నిరుడు రెండు నెలలు కనబడకుండా పోయి, కాశీకి వెళ్ళొచ్చానని చెప్పింది. ముఖంలో ఎంత కళ వచ్చిందో, పుణ్యమంటే ఇదీ అని అందరం బుగ్గలు నొక్కుకున్నాం. కాశీ లేదు, ఏమీ లేదట! నుంగంబాక్కంలో జనని అని ఒక డాక్టరమ్మ దగ్గర ముఖానికి ఆపరేషన్ చేయించుకుందట. వంటింట్లో కాఫీ తాగుతూ చెవి వెనక గీత చూపించింది. వెతికితే తప్ప కనబడదు.

"చేయించుకునింది తెలియకూడదు పుష్పా, అదే ఆమె పనితనం. నాతో వేసే ఒకామె యాడో చేయించుకుని వచ్చింది. పావం, నవ్వినా ఏడ్చినా ఒకే మొహం. డైరెక్టరు తల పట్టుకుంటాడు" అంది వదిన.

నవ్వాను. నవ్వుతూనే ఫోన్ నంబరు అడిగాను.

"నీకెందుకే?"

"ఆయన షష్టిపూర్తి వస్తోంది కదా వదినా."

అబద్ధం ఎంత చక్కగా వచ్చిందో! నాకే ముచ్చటేసింది.

సెప్టెంబర్ 4

డాక్టర్ జనని నాకంటే చిన్నది. "మా ఇంట్లోనూ తెలుగేనమ్మా, చదవను రాయను రాదంతే" అంది. ఆ మాటతో సగం భయం పోయింది.

నేను అద్దం ముందు కూర్చుని రెండు చేతులతో బుగ్గలు చెవుల దాకా లాగి, ఇట్లా కావాలని చూపించాను. నవ్వింది.

"అందరూ అట్నే చూపిస్తారు. తప్పు చర్మానిది కాదమ్మా. పరుపులో దూది ఒక పక్కకి జారిపోతే పై దుప్పటి లాగితే సరిపోతుందా? చర్మం కింద కొవ్వు, దాని కింద పలచగా ఒక పొర. ఆ పొర ఎముకకు ఈడ, ఈడ, ఈడ కట్టేసి ఉంటుంది. వయసుతో ఆ కట్లు వదులైపోతాయి. మొత్తం కిందికి దిగుతుంది."

నా చెంప మీద వేలు పెట్టి, లోపలి కండతో సహా పైకి ఎత్తింది. వెనక్కి కాదు, పైకి. అద్దంలో ఒక్క నిమిషం ఎవరో కనబడ్డారు. నాకు తెలిసిన మనిషే.

"నేను ఆ పొర కిందికి పోతాను. కట్లు వదిలించి, జారినదాన్ని ఎక్కడ ఉండిందో ఆడ పెట్టి కుట్టేస్తాను. చర్మాన్ని లాగను, మిగిలినంత మాత్రం తీస్తాను. కొత్త మొహం నాకు చేయను రాదు. మీ మొహమే మీకు ఇస్తాను."

మీ మొహమే మీకు ఇస్తాను. ఈ మాట కోసమే నేను పుట్టినట్టు అనిపించింది.

ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నారని అడిగింది. తిరుక్కడయూరు గుళ్ళో షష్టిపూర్తి, మళ్ళీ పెళ్ళికూతుర్ని కావాలి, అదీ ఇదీ చెప్పాను.

"ఎవరికోసమో అయితే వద్దమ్మా. ఆ ఎవరో సరిగ్గా చూడకపోతే మీరు వచ్చి నామీద పడి ఏడుస్తారు."

"నాకోసమే" అన్నాను. అబద్ధమేం కాదు.

నెల ఆగి, మళ్ళీ ఆలోచించుకుని రమ్మంది. వచ్చేటప్పుడు నా పాత ఫోటో, అమ్మది, అమ్మమ్మది తెమ్మంది. ఇంటింటికీ ముఖం జారే దారి ఒకటి ఉంటుందట.

సెప్టెంబర్ 8

ఆయనకు చెప్పాను. మా రంగనాథం గారి కుంకుమ, పసుపు హోల్‌సేలు. వేళ్ళు ఎప్పుడూ ఎర్రగానో పచ్చగానో ఉంటాయి. ఆ వేళ్ళతోనే తల గోక్కున్నాడు.

"ఆపరేషనా? మొహానికా? నీకేం తక్కువని ఇప్పుడు?"

"షష్టిపూర్తికి."

చూద్దును కదా, మీసం కింద ముసిముసి నవ్వు! "మళ్ళీ తాళి కడతానని ఇంత సంబరమా? అట్లయితే నాకూ చెప్పరాదా, నేనూ జుట్టు నాటించుకుంటా" అన్నాడు.

పాపం అనిపించింది. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఏమని చెప్పను? మా అమ్మ నన్ను ఒక్కసారి పుష్పా అని పిలవాలి, అందుకు కత్తి కింద పడుకుంటాను అనా? మతి పోయింది అంటాడు. అక్షయకు ఫోన్ చేస్తే అది ఇంకోరకం. "అమ్మా, సూపర్! కండిప్పా పణ్ణు" అని, తప్పకుండా చేయించుకోమని అరవంలో ఆశీర్వదించింది. నా కడుపున పుట్టిన తెలుగు ఇలా ఉంది.

సెప్టెంబర్ 20

ఈరోజు తల దువ్వుతుంటే అమ్మ ఉన్నట్టుండి అంది, "ఆ పొద్దు నన్ను పోనీలేదు గదమ్మా."

"ఎక్కడికి?"

"నాయుడుపేటకి. నువ్వు పోయినావని టెలిగ్రాం వచ్చింది. ఏడో నెల, కడుపుతో ఉండేవాళ్ళు పీనుగుని చూడగూడదని మా అత్త తలుపేసేసింది. నేను ఎంత కొట్టుకున్నానో. ఆఖరిసారి మొహం చూడలేదే అని ఎన్ని ఏండ్లు ఏడ్చినానో." చెయ్యి వెనక్కి చాపి నా చెయ్యి పట్టుకుంది. "అంతా అబద్ధమే గదా? నువ్వు ఈడే ఉండావు గదా?"

శివరామ్ కడుపులో ఉన్నప్పటి సంగతి. నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఇక్కడే ఉన్నాను" అన్నాను. నా చేతిని తన చెంపకు ఆనించుకుని అలాగే కూర్చుంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

సెప్టెంబర్ 21

రాత్రంతా అదే ఆలోచన. తన అమ్మతో మాట్లాడుకుంది. సరే. సంతోషం. నా అమ్మతో నేను ఎప్పుడు మాట్లాడుకోవాలి?

అమ్మమ్మ మీద నాకు కోపంగా ఉంది. పోయి యాభై ఏళ్ళు దాటింది, ఇంకా నా చోటులోనే కూర్చుంది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

అక్టోబర్ 7

మూడు ఫోటోలూ బల్ల మీద వరసగా పెట్టి డాక్టరు చాలాసేపు చూసింది. తర్వాత పెన్నుతో నా ముఖం మీద గీతలు గీసింది. చెంప ఎముక మీద, నోటి పక్కన, దవడ అంచున.

"ముగ్గురి ఎముకల తీరూ ఒకటే. కానీ మీరు మీ అమ్మలాగా జారలేదు. అమ్మమ్మలాగా జారినారు. అచ్చం ఆమే." ఫోటో చేతిలోకి తీసుకుంది. "చాలా బాగుండాది ఈమె. ఈ మొహం మీకు వద్దా?"

"వద్దు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, నర్సు తిరిగి చూసింది.

ముప్పయ్యేళ్ళ ఫోటోలాగా చేయలేనని ముందే చెప్పింది. పది పన్నెండేళ్ళు వెనక్కి, అంతే. చాలు. నలభై ఆరేళ్ళ పుష్పను కూడా అమ్మ ఎరుగును. నవ్వును నడిపే నరం ఆ పొర కిందనే పోతుందట, దాన్ని తాకకుండా పోవాలి కాబట్టి గంటలు పడుతుంది, తొందరపెట్టకూడదు అంది. తొందర నాకా? లేదే. అమ్మకు ఎనభై ఒకటి, అంతే.

నవంబర్ 8

దీపావళి అయింది. వెళ్ళి అమ్మను చూసొచ్చాను. మళ్ళీ కొన్నాళ్ళు వెళ్ళడానికి ఉండదు కాబట్టి మొత్తం ఇల్లు కలయతిరిగి, మిగిలిన జంతికలు డబ్బాలో పోసి, నూనె సీసా నింపి పెట్టాను.

"మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అని కొంగు పట్టుకుంది.

"ఇంక పుష్ప వస్తుంది."

ముఖం వెలిగిపోయింది. "నిజంగానా? మా పుష్పా?" అని ఫోటో వైపు చూసి, నా వైపు చూసి, "నువ్వూ రా. ఇద్దరూ రాండి" అంది.

బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.

నవంబర్ 11

రేపే. పొద్దున్నే ఏమీ తాగకూడదు. పెరుమాళ్ళూ, నవ్వు మాత్రం పోకుండా చూడు.

నవంబర్ 14

ఇంట్లో ఉన్నాను. తల చుట్టూ కట్టు. నొప్పి అంటే నొప్పి కాదు, ఎవరో ముఖాన్ని గుప్పిట్లో పట్టుకున్నట్టుంది. ఆయన జావ పట్టుకొచ్చి స్పూనుతో పోశాడు, సగం మెడ మీద. దుకాణంలో కుర్రవాళ్ళను తిట్టే మనిషి, ఒక్క మాట అనలేదు.

నవ్వగలుగుతున్నాను. అద్దంలో చూసుకుని మరీ నవ్వాను.

నవంబర్ 20

గుమ్మడికాయలా ఉన్నాను. పచ్చ, ఊదా, నలుపు, అన్ని రంగులూ ఉన్నాయి. ఆయన రంగులపొడి గోడౌను ఏ మూలకూ చాలదు. డాక్టరు చూసి తృప్తిగా తలూపింది. వాపు దిగడానికి వారాలు పడుతుంది, పూర్తిగా నిలదొక్కుకోవడానికి నెలలు, ఓపిక పట్టమంది.

జయంతి ఫోన్ చేసింది. "వదినా, అత్తమ్మ పొద్దున లేచినప్పట్నుంచి గేటు దగ్గరే ఉండాది. అన్నం తినడంలే. మా అమ్మ రాలేదు, మా అమ్మ రాలేదు అని ఒకటే గోల."

"కొద్దిరోజులే జయంతీ. నేనొచ్చాక అంతా సర్దుకుంటుంది."

సర్దుకుంటుంది.

నవంబర్ 29

అమ్మ చిక్కిపోయిందట. శివరామ్ వీడియో కాల్ చేశాడు, నేను తీయలేదు. ఈ వాపు ముఖం చూస్తే అమ్మ జడుసుకుంటుంది. మామూలు ఫోనే చేసి అమ్మ చెవి దగ్గర పెట్టమన్నాను.

"అన్నం తిన్నావా?" అన్నాను.

"అమ్మా! యాడుండావే? ఎప్పుడొస్తావు?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

"తింటేనే వస్తాను. చెయ్యి చాపు, జయంతి ముద్ద పెడుతుంది."

తిందట. రసం అన్నం, పెరుగన్నం, రెండూ. జయంతి ఆశ్చర్యపోయింది. నాకు ఆకలి చచ్చిపోయింది, పడుకున్నాను.

డిసెంబర్ 17

వాపు దాదాపు పోయింది. ఈరోజు స్నానం చేసి, తలారబోసుకుని, అద్దం ముందు నిలబడ్డాను.

నేనే. ఎవరూ లాగలేదు, ఎవరూ అతికించలేదు. బాగా నిద్రపోయి లేచిన పుష్పవల్లి. చెంపలు వాటి చోట అవి ఉన్నాయి. నవ్వితే కళ్ళ పక్క ముడతలు ముడతల్లాగే పడుతున్నాయి, వాటిని డాక్టరమ్మ ముట్టుకోలేదు. అమ్మమ్మ ఎక్కడా లేదు. కొంచెం పక్కకు తిరిగి, తల వంచి, దీపం కింద కూడా వెతికాను. లేదు.

ఆయన పైకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమే, పెళ్ళైన కొత్తలో ఏవీఎం స్టూడియో రోడ్డులో తప్పిపోయినావే, ఆ పిల్ల మాదిరి ఉండావు" అన్నాడు. ఆ మాటకు నాకు సిగ్గొచ్చింది కూడా. ఈయనకు నిజం ఇంకా చెప్పలేదు.

డిసెంబర్ 28

పుష్పా అంది.

పుష్పా అంది పుష్పా అంది పుష్పా అంది.

డిసెంబర్ 29

నిన్న ఏమీ రాయలేకపోయాను. రాస్తాను.

ఆ ఫోటోలో కట్టుకున్న చీర రంగులోనే, నెమలికంఠం రంగు చీర కొని కట్టుకున్నాను. గేటు తీశాను. అమ్మ అరుగు మీద ఉంది, సగం మనిషైపోయింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చూసింది, చూసింది.

"పుష్పా? ఏమే, ఇప్పుడా రావడం?"

వెళ్ళి ఒళ్ళో పడ్డాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, అమ్మ ఒళ్ళో తల పెట్టి బావురుమన్నాను. తల నిమిరింది. "ఏందే పిచ్చిదానా, ఎందుకేడుస్తావు? ఆయన ఏమన్నా అన్నాడా?" అంది. ఎన్నాళ్ళకి! కూతుర్ని అడిగే మాట ఎన్నాళ్ళకి అడిగింది! జయంతి కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కూచుని ఎన్ని మాట్లాడుకున్నామో. అక్షయకు పాలు సరిపోతున్నాయా అని అడిగింది. సరిపోతున్నాయన్నాను.

అన్నం మాత్రం తినలేదు. అలసిపోయి ఉంటుంది.

జనవరి 1

తినలేదు. నేను ముద్ద చేసి, గుంట చేసి, పులుసు పోసి ఇస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది. "నీకు చేతకాదు. మా అమ్మ పెడతాది."

జనవరి 3

తల దువ్వుతానంటే ఒప్పుకోలేదు. గేటు వైపే చూస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చుంటే నా చెవిలో రహస్యం చెప్పింది.

"నీకు తెల్దు పుష్పా. నువ్వు రాకముందు మా అమ్మ వస్తా ఉండె. ఎన్నోసార్లు వచ్చింది. అన్నం పెట్టి, తల దువ్వి పోయేది. నువ్వొచ్చినప్పట్నుంచి రావడంలే. నేనేమన్నా తప్పు చేసినానేమో, కోపమొచ్చిందేమో."

"కోపం కాదమ్మా."

"అయితే నువ్వు పోయి పిల్చుకోని రా. ఇంక అల్లరి చేయనంట అని చెప్పు. నువ్వు చెప్తే వింటాది." నా గడ్డం పట్టుకుని బతిమాలింది. "మా పుష్ప బంగారం గదా. పోయి పిల్చుకోని రా."

ఏం చేశాను నేను? ఏం చేశాను? మొదటిసారి ఆమె తల్లిని ఆఖరిచూపు చూడనియ్యలేదు వాళ్ళు. రెండోసారి నేను.

జనవరి 6

నుంగంబాక్కం వెళ్ళాను. ఇవాళ చూపించుకోవలసిన రోజు కాదు. డాక్టరు ఏమైందోనని కంగారుపడి కుట్లు, చెవులు, నవ్వు అన్నీ చూసింది. అన్నీ బాగున్నాయి.

"దీన్ని మళ్ళీ కిందికి దించడానికి అవుతుందా?" అన్నాను.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అప్పుడు చెప్పాను, మొదటినుంచీ. షష్టిపూర్తి కాదని, అమ్మ అని. మధ్యలో ఆపకుండా విన్నది.

"ఆ రోజు చెప్పి ఉంటే చేసి ఉండనమ్మా" అంది. కోపంగా కాదు. "దించడానికి అవదు. అదే దిగుతుంది, పది పన్నెండేళ్ళకి" అంది.

పన్నెండేళ్ళు! నా చెయ్యి పట్టుకుని వాకిలిదాకా వచ్చి దిగబెట్టింది. మీదపడి ఏడుస్తానని ఆమె అన్నమాట గుర్తొచ్చింది. ఏడవలేదు.

జనవరి 8

జయంతి ఫోన్. డాక్టరొచ్చి సెలైన్ పెట్టి పోయాడట. ఇలాగే తినకపోతే ఆసుపత్రిలో చేర్చాలన్నాడట. "వదినా, ఆ పొద్దు నువ్వు ఫోన్లో చెప్తే తినింది గదా. ఇంకోసారి చెప్పి చూడరాదా" అంది.

ఫోన్లో నన్ను చూడలేదు. గొంతు విన్నది, అంతే.

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, జయంతికి తట్టింది.

జనవరి 9

చీర మార్చాను. పాత నేత చీర, అమ్మ దగ్గరికి ఎప్పుడూ కట్టుకెళ్ళేది. ముందు గేటు తీయలేదు, వెనక సందులోంచి వెళ్ళాను. అమ్మ అరుగు మీద గేటు వైపు తిరిగి కూర్చుని ఉంది. జుట్టు చిక్కులు పడి పిచ్చుకగూడులా ఉంది.

ముక్కాలిపీట చప్పుడు కాకుండా తెచ్చి, ఆమె వెనక వేసుకుని కూర్చున్నాను. అరచేతిలో నూనె పోసుకుని నడినెత్తిన పెట్టాను.

అమ్మ ఒళ్ళంతా ఒక్కసారి కదిలింది. తిరగబోయింది.

"తిరగబాకు. ఎంత చిక్కు పడిందో చూడు, అట్నే కూర్చో" అన్నాను, అమ్మ భాషలో, అమ్మమ్మ అలాగే అనేదేమో అనుకుని.

తిరగలేదు. మెల్లగా వెనక్కి వాలి నా మోకాళ్ళకు వీపు ఆనించింది. ఎముకలు గుచ్చుకున్నాయి.

"వచ్చినావా అమ్మా."

"వచ్చినా."

"కోపం పోయిందా?"

"నీమీద నాకు కోపమేందే."

జయంతి అన్నం గిన్నె తెచ్చి నా పక్కన పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోయింది. ముద్ద చేసి, గుంట చేసి, పులుసు పోసి, భుజం మీదుగా చెయ్యి చాపాను. ముందునుంచి ఒక ముసలి అరచెయ్యి పైకి లేచింది, అందుకుంది. ఒకటి తిన్నది. ఇంకోటి. నాకు ఊపిరి వచ్చింది. చెయ్యి మళ్ళీ లేచింది. ముఖం కనబడకుండా ఎంతసేపైనా ఇలాగే పెడతాను అనుకున్నాను. పన్నెండేళ్ళయినా పెడతాను.

తింటూ తింటూ ఆగింది.

"అమ్మా, పుష్ప వచ్చింది. చూసినావా?"

"చూసినా."

"ఎట్లుండాది?"

"బాగుండాది. వయసు తగ్గినట్టుండాది."

"ఏం బాగు? నువ్వు సరిగ్గా చూడలే." గొంతు తగ్గించింది. "మొహం వాడిపోయుండాది బిడ్డకి. లోపల ఏదో దిగులుండాది, నాతో చెప్పదు. దాన్ని నేను అన్నం పెట్టబాకని కసిరేసినా, పావం. నువ్వు దానికి కూడా ఇంత పెట్టమ్మా. నీ చేత్తో కలిపి పెట్టు."

నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. కన్నీళ్ళు బుగ్గల మీదుగా కారి ఆమె నూనె జుట్టులో పడుతున్నాయి. అమ్మ తల తిప్పబోయింది.

"పెడతాలే" అన్నాను. "నువ్వు తిరగబాకు."